నిన్నటి నుంచి అన్నాను

నేను మోస్తున్నది చూడటానికి పెద్ద మాటేమీ కాదు. రెండు చిన్న అరబ్బీ ముక్కలు. ఒక ఆసుపత్రి గదిలో, మా జిల్లా నుంచే వచ్చిన ఒక ఆడమనిషి తెలుగులో చెప్పిన జవాబును డాక్టరుకు అరబ్బీలో చెప్పడం నా పని. చెప్పాను. కానీ ఆమె చెప్పింది కాదు, నాకు పనికొచ్చేది చెప్పాను. తర్వాత ఏళ్ళు గడిచాయి. మా ఇంటిదానికి చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. దేవుడికి కూడా వేరే మాటల్లో చుట్టి చెప్పాను. పశ్చాత్తాపం పొంగి రాస్తున్నానని అనుకోకండి. మోసీ మోసీ అలసిపోయి రాస్తున్నాను.

నా పేరు వద్దు. కువైట్‌లో, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవరును. ఆమెను రెడ్డెమ్మ అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురు రెడ్డెమ్మలుంటారు కాబట్టి ఎవరో మీకు తెలియదు.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. నేను చదువుకున్నవాణ్ని. కాలేజీలో కాదు. ఇంటర్ తప్పాక మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. పొద్దున పేపర్ల కోసం వచ్చే ముసలివాళ్ళు లేచిపోయాక ఫ్యాను కింద కుర్చీ నాదే. బీరువాల్లో చెదలు మిగిల్చినవన్నీ చదివాను. వాటిలో మనస్తత్వశాస్త్రం మీద అట్టలూడిన పుస్తకాలు కొన్ని ఉండేవి. మనిషి తనను తాను ఎలా మోసం చేసుకుంటాడో అందులో ఉంది. భరించలేనిదాన్ని మరిచిపోయినట్టు దాచేయడం, తనలోని చెడును ఎదుటివాడి మీదికి నెట్టేయడం, చేసేసిన పనికి తర్వాత తీరిగ్గా కారణాలు అల్లుకోవడం. వీటన్నిటికీ కలిపి రక్షక తంత్రాలని పేరు. అది చదివిన రోజు ఊళ్ళో అందరి ఇళ్ళ తాళంచెవులూ నా జేబులో పడినట్టనిపించింది.

కువైట్ వచ్చాక కూడా చదువు మానలేదు. డ్రైవరు ఉద్యోగంలో సగం కాచుకుని కూర్చోవడమే. స్కూళ్ళ ముందు, పెళ్ళి హాళ్ళ ముందు, మామా చుట్టాల ఇళ్ళ ముందు. ఇంటి యజమానురాలిని మేము మామా అంటాం, యజమానిని బాబా అంటాం. తక్కిన డ్రైవర్లు ఆ పొద్దంతా సినిమాలు చూసేవాళ్ళు. నేను ఫోనులో పుస్తకాలు చదివేవాణ్ని. ఆ తేడా నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

శుక్రవారం సెలవు దొరికితే రిగ్గై అనే పేటలో మా ఊరివాళ్ళ గదికి పోయేవాణ్ని. అక్కడ నా పేరు డాక్టరు.

"ఏంప్పా డాక్టరూ, నిన్న మా బాబా నన్ను తిట్న్యాడు. నేను పోయి వంటోన్ని తిట్టినా. దీన్నేమంటారు మీ పుస్తకాల్లో?" అని ఓబులేసు అడిగేవాడు. అతనూ నాలాగే ఇంటి డ్రైవరు.

"స్థానభ్రంశం" అనేవాణ్ని నేను.

"ఓయబ్బా! మా యమ్మ దీన్ని తిక్క అనేది."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ని. కానీ నవ్వు ఆగాక మళ్ళీ నా వైపే తిరిగేవాళ్ళు, ఇంకేదో అడగడానికి. నాకు కావలసింది అదే. ఎవడికి ఎవడి మీద ఎందుకు కోపమో, ఎవడు ఇంటికి ఫోన్ చేయడానికి ఎందుకు భయపడుతున్నాడో నేను విప్పి చెప్పేవాణ్ని. నా మనసు సంగతో? దాన్ని విప్పి చూడాల్సిన పని ఉందని ఎప్పుడూ తోచలేదు. పుస్తకం చదివినవాడికి పుస్తకం వర్తించదని ఎక్కడా రాసిలేదు. ఆ వాక్యం నేనే చేర్చుకున్నాను.

మా కడప, అన్నమయ్య జిల్లాలవాళ్ళకు తెలిసిన పద్ధతి ఒకటుంది. ఇంట్లో పనిమనిషి కావాలంటే మామా ముందు డ్రైవరును అడుగుతుంది, మీ ఊళ్ళో మంచి మనిషి ఉందా అని. మేము ఊరికి ఫోన్ చేసి, విచారించి, ఒక మనిషిని చూపిస్తాం. వీసా వస్తుంది. విమానం దిగిన రోజు నుంచీ ఆ మనిషి మన మనిషి. ఆమె బాగా చేస్తే మనకు మర్యాద. కప్పు పగిలితే మామా ముందు చూసేది ఆమె వైపు కాదు, మన వైపు. రెడ్డెమ్మకు ముందు నేను తెప్పించిన మనిషి కొన్ని నెలలకే ఇల్లు వదిలి పారిపోయింది. అప్పుడు మామా నాతో, "ఈసారి వచ్చేది కూడా నిలవకపోతే నువ్వూ ఖలాస్" అంది. కోపంగా అందా, తమాషాకి అందా, ఇప్పటికీ నాకు తెలియదు. నేను మాత్రం దాన్ని తమాషాగా వినలేదు.

అట్లా వచ్చింది రెడ్డెమ్మ. ముప్పై దాటని మనిషి. భర్త వదిలేశాడు. చిన్న కూతురిని అక్క దగ్గర విడిచిపెట్టి వచ్చింది. నోరున్న మనిషి. మూడంతస్తుల ఇల్లు తుడిచి వచ్చి, "అన్నా, ఈ ఇంటి మెట్లెక్కి దిగితే తిరుమలకు పోయినంత పుణ్యం, గుండొకటి కొట్టించుకోవల్ల అంతే" అనేది. అందరికంటే ఎక్కువ నవ్వింది మామా. ఆమె నవ్వేలా నేనే తర్జుమా చేసి చెప్పాను. అప్పుడు ఎంత బాగా చెప్పాను! ఒక్క ముక్క పోకుండా చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి.

ఒక పొద్దున జమియాకు, అంటే మా పేటలోని సహకార బజారుకు, సరుకులకు వెళ్ళి వస్తున్నాం. రెడ్డెమ్మ వెనక సీట్లో కూర్చుంది. టమోటాల పెట్టె ఒళ్ళో పెట్టుకుంది, పెద్ద బండిలో అంత చోటున్నా. బండి కదిలాక తనే మొదలుపెట్టింది.

"అన్నా, ఒక మాట చెప్తా. నవ్వగూడదు."

"చెప్పు మే."

"నా ఎడం కంట్లో మెరుపులు మెరుస్తాండాయి నా. ముందు నల్ల చుక్కలు తిరిగినాయి, ముసుర్లు మాదిరి. తోలితే పోతాయని చెయ్యి కూడా ఇసిరినా. ఇప్పుడు ఒక పక్కంతా తెర దించినట్టుండాది."

"తెరా?"

"నాటకాల్లో దించుతారే, అట్ల. వారమాయ. దినానికింత జరుగుతాంది లోపలికి."

"నొప్పుందా?"

"నొప్పి ల్యా. అదే భయం నాకు."

"రేత్రిళ్ళు ఏడుస్తాండావా?"

"ఏడవకుండా ఎవురుంటారు నా ఈ దేశంలో? వచ్చిన కొత్తలో నువ్వు ఏడవలేదా?"

"ఏడ్సినా. నా కండ్లు పోలేదే."

"నీవి ఇనప కండ్లు."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే సరిగ్గా ఆ నవ్వు మధ్యలోనే నాకు ఆ పుస్తకంలోని పేజీ గుర్తొచ్చింది. మనసు భరించలేనిది ఒంటి మీదికి దిగుతుందని, కంటిలో ఏ లోపమూ లేకుండానే చూపు పోయినవాళ్ళున్నారని అందులో చదివాను. ఒళ్ళు పులకరించింది. పుస్తకంలోని మనిషి నా బండి వెనక సీట్లో కూర్చుని ఉంది.

"మే, నేను చెప్పేది ఇను. మనసుకు చూడబుద్ధి గాకుంటే కన్ను గూడా చూడనంటాది. నీకు తెలీకుండానే జరుగుతాది. నీ బిడ్డను చూడక నీ కన్ను అలిగింది."

ఆమె ఏడ్చింది. నేను అద్దంలో చూశాను. చూడండి, ఎంత సరిగ్గా తగిలిందో అనుకున్నాను. నా మాట నిజం కాకపోతే ఎందుకు ఏడుస్తుంది? బిడ్డ పేరెత్తితే ఏ తల్లయినా ఏడుస్తుందని నాకు తోచలేదు. తోచలేదా? తోచనివ్వలేదా? ఈ ప్రశ్న దగ్గర నేను ఇన్నేళ్ళూ కూర్చుని ఉన్నాను.

"అంటే నాకు పిచ్చా నా?"

"పిచ్చి గాదు. మనసు ఆడే ఆట."

"ఏమోనబ్బా. సదువుకున్నోనివి, నువ్వు చెప్తే అట్లనే ఏమో. ఏదానికైనా మామాను అడుగు నా, ఒకసారి ఆసుపత్రిలో చూపిచ్చమని."

"అడుగుతాలే. నువ్వు మాత్రం కొన్నాళ్ళు బిడ్డకు వీడియో కాల్ చెయ్యాకు. చూసేకొద్దీ దిగులు పెరుగుతాది."

మామాను అడగలేదు.

ఎందుకు అడగలేదు? అప్పుడు నా దగ్గర ఎన్ని కారణాలున్నాయో! ఆసుపత్రికి తీసుకుపోతే ఆమె భ్రమకు బలం చేకూరుతుందని. డాక్టర్లకు మనసు గురించి తెలియదని. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ మొదట ఏదో ఒకటి నొప్పి పెడుతుందని, తర్వాత సర్దుకుంటుందని. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తెలివైన మాటే. కానీ ఈ కారణాలన్నిటికీ ముందే నిర్ణయం జరిగిపోయింది. వచ్చి ఏడాది కూడా కాని మనిషికి కన్ను చెడిందంటే మామా ఏమంటుంది? నీ మనిషే కదా అంటుంది. ఖలాస్ అంటుంది. ఆ భయం ముందు వచ్చింది. పుస్తకం తర్వాత వచ్చింది. నాకు మాత్రం పుస్తకమే కనిపించింది.

ఒకసారి ఒకటి నమ్మాక మనిషికి దానికి తగిన సాక్ష్యాలే కనబడతాయని కూడా నేను చదివే ఉన్నాను. అయినా ఆ రోజుల్లో రెడ్డెమ్మ చేసిన ప్రతి పనీ నాకు సాక్ష్యమే అయింది. చాయ్ కప్పులో కాక పక్కన పోసింది. ధ్యాస ఇక్కడ లేదు, బిడ్డ దగ్గరుంది అనుకున్నాను. గడప తగిలి పడబోయింది. జాలి కోరుతోంది అనుకున్నాను. ఒకరోజు, "ఇయ్యాల బాగుండాది నా, మెరుపులు తగ్గినాయి" అంది. చూశావా, బిడ్డతో మాట్లాడటం మానగానే తగ్గింది అన్నాను. మెరుపులు తగ్గడం మంచికి కాదని ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియని చోట తెలిసినవాడిలా కూర్చోవడం తప్పు.

ఆమె నా మాట విన్నది. బిడ్డకు వీడియో కాల్ చేయడం మానేసింది. రెండు కళ్ళూ కొంచెమైనా పనిచేస్తున్న ఆ చివరి రోజుల్లో, నేను చెప్పానని, కూతురి మొహం చూడలేదు. ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. కన్ను సంగతి రాయడం కంటే కష్టంగా ఉంది.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. రెడ్డెమ్మ సంగతిని శుక్రవారం గదిలో చెప్పాను. పేరు చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు. కన్ను అలిగింది అన్న మాట రెండుసార్లు చెప్పాను, బాగుందని. అందరూ ఆశ్చర్యంగా విన్నారు. ఓబులేసు మాత్రం చెవి గోక్కుంటూ, "నీ బండి ఇంజను సప్పుడు చేస్తే దాని మనసు బాగలేదంటావా ప్పా? వర్క్‌షాపుకు తోలుకోని పోతావా?" అన్నాడు. గది గొల్లుమంది. నేనూ నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆలోచించాను, అతను చెప్పిన దాని గురించి కాదు, అతను ఎందుకు చెప్పాడా అని. అతనికి చదువుకున్నవాళ్ళంటే అసూయ అని తేల్చాను. తేల్చి ప్రశాంతంగా నిద్రపోయాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఉదయం రెడ్డెమ్మ ట్రే పట్టుకుని వస్తూ ఎడమ పక్క తెరిచి ఉన్న తలుపు రెక్కకు గుద్దుకుంది. ట్రే పడింది. మామా లేచి వచ్చింది. తిట్టలేదు. రెడ్డెమ్మ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఎడమ చెంప పక్కగా చేయి ఊపింది. రెడ్డెమ్మ రెప్ప వేయలేదు. మామా కుడి పక్క ఊపింది. రెప్ప పడింది. మామా నా వైపు తిరిగి, "యల్లా, బండి తియ్యి" అంది. తన అబాయా వేసుకుని తనే బయల్దేరింది. వెనక సీట్లో రెడ్డెమ్మ పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది.

నేను ఎవరిని చూసి భయపడ్డానో ఆమె! ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే ఇట్లాగే బయల్దేరి ఉండేది. కాదేమో. ఏమో. ఇప్పుడు ఇలా అనుకోవడం కూడా నన్ను నేను కొట్టుకుంటూ సుఖపడటమేనా? ఏది నిజమైన బాధో, ఏది బాధ వేసుకున్న వేషమో నాకు తేడా తెలియకుండా పోయింది. ఎక్కువ చదివితే వచ్చే జబ్బు ఇది.

దారి పొడవునా మామా ఒకే ప్రశ్న. "నాకెందుకు చెప్పలేదు? అడుగు. నాకెందుకు చెప్పలేదు?" నేను ట్రాఫిక్ చూస్తున్నట్టు చూశాను.

డాక్టరు చాలాసేపు దీపం వేసి చూశాడు. రెడ్డెమ్మకు హిందీ రాదు, అరబ్బీలో వంటింటి మాటలే వచ్చు. అందుకని నన్ను లోపలికి పిలిచారు. మామా ఒక పక్క నిలబడింది. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది అని డాక్టరు అడిగాడు. నేను రెడ్డెమ్మకు చెప్పాను. అది సరిగ్గానే చెప్పాను.

"అదే నా, జమియాకు పోయినప్పుడు నీకు చెప్తి గదా. అప్పటికే వారమాయ. ఆడికి నెల మీదైంది. చెప్పు డాక్టరుకు."

డాక్టరు నా వైపు చూశాడు. మామా నా వైపు చూసింది.

"మిన్ అమ్స్" అన్నాను. నిన్నటి నుంచి.

అంతే. ఆలోచించలేదు. ఎవరో పక్కనుంచి అందించినట్టు వచ్చింది. నిన్నటి నుంచి అయితే ఎవరికీ చెప్పే అవకాశమే లేదు. ఎవరికీ చెప్పకపోతే నాకూ చెప్పలేదు. అంత లెక్క ఒక్క ఊపిరిలో నా లోపల ఎవరు వేశారు? నేనే. ఇంకెవరున్నారు లోపల? అచేతన మనసు అని పుస్తకం అంటుంది. ఆ మాట ఎంత సౌకర్యం! తప్పు చేసినవాడు లోపల ఇంకొకడున్నట్టు, నేను వాడికి గది అద్దెకిచ్చినట్టు.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. కంటి లోపలి పొర ఊడిపోయింది, ఇది నిన్నటిది కాదు, పాతది అన్నాడు. మొదటి రోజుల్లో వచ్చి ఉంటే నిలబెట్టే వీలుండేది, ఇప్పుడు ఆపరేషన్ చేసినా చూపు మీద ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. మామా మొహం మారింది. నిన్నటిదని మనిషి చెబుతోంది, పాతదని డాక్టరు చెబుతున్నాడు. ఆమె నన్ను మెల్లగా అడిగింది, "అంటే తెలిసి, దాచిపెట్టి వచ్చిందా?"

నేను కాదు అనొచ్చు. ఇంకా దారి మూసుకుపోలేదు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు మళ్ళీ అవకాశం ఇచ్చింది.

"మా అద్రీ, మామా" అన్నాను. నాకు తెలియదు మామా.

ఆమె రెడ్డెమ్మ చేయి వదిలేసింది. కోపంతో కాదు, మెల్లగా, మరిచిపోయినట్టు వదిలేసింది.

డాక్టరు ఏమన్నాడని రెడ్డెమ్మ అడిగింది. మొదటి రోజుల్లో వచ్చి ఉంటే అన్న ముక్క నేను ఆమెకు చెప్పలేదు. "నరం బలహీనమంట మే. ఎవురూ ఏమీ చెయ్యలేరంట" అన్నాను.

తర్వాత జరిగింది త్వరగా జరిగింది. మామా చెడ్డగా ఏమీ చేయలేదు. మీ దేశంలోనే వైద్యం చేయించుకో అని టికెట్ తీసింది, బట్టలిచ్చింది, కూతురికి బొమ్మ ఇచ్చింది. కానీ దాచిపెట్టి వచ్చిన మనిషిని ఉంచుకోను అని ఖచ్చితంగా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. నన్నే ఓదార్చింది, పాపం నిన్ను కూడా మోసం చేసింది అని. నేను తల వంచుకున్నాను. అది వినయంలా కనిపించి ఉంటుంది.

విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. మంచి కన్ను కిటికీ వైపు ఉండేలా కూర్చుంది. దిగేటప్పుడు అంది, "నువ్వు ల్యాకుంటే ఏమైపోయేదాన్నో నా. పరాయి దేశంలో నా మాట చెప్పేదానికి నువ్వు ఒక్కనివే ఉంటివి."

చాలా ఏళ్ళు ఆ మాటను నేను సర్టిఫికెట్‌లా దాచుకున్నాను. ఆమే అంది కదా, నువ్వు లేకుంటే అని. కానీ ఈ మధ్య ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. రెడ్డెమ్మకు వంటింటి మాటలు వచ్చు అన్నాను కదా. అమ్స్ అన్న మాట రాదా? నిన్నటి అన్నం పారెయ్యి, నిన్నటి రొట్టె తీసెయ్యి అని మామా పొద్దున లేస్తే చెప్పేది ఆ మాటే. ఆ ఇంట్లో ఆమె మొదట నేర్చుకున్న మాటల్లో అదొకటి. అయితే ఆసుపత్రిలో నేను అన్నది ఆమెకు అర్థమైందా? అర్థమై ఊరుకుందా? అప్పుడు ఆ థాంక్సు థాంక్సేనా, మెత్తగా దింపిన ముల్లా? కొన్నాళ్ళు ఆమెకు తెలియకూడదని మొక్కుకున్నాను. కొన్నాళ్ళు తెలిసి ఉంటే బాగుండుననిపించింది, అప్పుడు నేను చెప్పే పని ఉండదు కదా. చూశారా, ఎటు తిరిగినా నాకు వీలైనదే కోరుకున్నాను.

ఊరు చేరాక ఆమెకు ఆపరేషన్ చేశారు. చూపు రాలేదు. చెడిన కన్నును దాచిపెట్టి కువైట్‌కు పోయిందన్న మాట ఆమె కంటే ముందే ఊరు చేరింది. వీసాలు తెప్పించేవాళ్ళు ఆమె పేరెత్తితే, "ఆ దాచిపెట్టిన మనిషా?" అన్నారు. సొంత అక్క మొగుడే, "ముందే చెప్పింటే మేము పంపుతామా" అన్నాడట. నాకు తెలీదు, అక్కడే అయింది అని ఆమె ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. సెలవుకు పోయినప్పుడు ఇదంతా మా వాళ్ళు నాకు చెప్పారు. నేను పాపం అన్నాను. ఆ ఊరు మా ఊరికి దగ్గరే. ఎన్నిసార్లు సెలవుకు పోయినా ఆ దారిన పోలేదు. ఆమె కూతురికి కథల పుస్తకాలు మాత్రం పంపాను, మంచివి, నేనే ఎంచి. చేసినదాన్ని చెరపడానికి మనిషి చేసే పూజలు ఇలాగే ఉంటాయని కూడా నేను చదివాను. చదివినా పంపాను. పుస్తకాలు బాగున్నాయని పాప చెప్పమందట.

అన్నిటికంటే భయంకరమైనది ఇంకొకటుంది. కొన్నేళ్ళకు నా జ్ఞాపకమే మారిపోయింది. ఆ రోజు బండిలో, ఆసుపత్రికి పోదాం పా మే అని నేను అన్నట్టు, ఆమే వద్దన్నట్టు గుర్తుండటం మొదలైంది. అబద్ధం చెప్పుకోలేదు. నిజంగానే గుర్తుండేది. ఆమె గొంతుతో సహా వినిపించేది. ఆ జ్ఞాపకంతో సుఖంగా బతికేవాణ్ని.

మొన్న అది పగిలింది. ఇంట్లో ఇప్పుడున్న వంటమనిషి, కేరళ ఆమె, భుజం లాగుతోందని హిందీలో చెప్పింది. ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషి, నా మనిషి కాదు. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. ఇది మనసుది అని సగం చెప్పేసింది. ఆ సగం దగ్గర ఆగిపోయాను. బండి వెనక సీటు, టమోటాల పెట్టె, ఆ నవ్వు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగి వచ్చాయి. నేను ఆసుపత్రికి పోదామనలేదు. ఆమె అడిగింది. నేను అడుగుతాలే అన్నాను.

వంటమనిషి సంగతి మామాకు వెంటనే చెప్పాను. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఏమీ లేదు, ఒట్టి బెణుకు. బయటికి వస్తుంటే మంచిపని చేశానన్న ఒక వెచ్చదనం నాలో లేచింది. దాన్ని గుర్తుపట్టాను. ఆ వెచ్చదనాన్ని ఇంకొంచెం ఎదగనిస్తే రెడ్డెమ్మను కూడా మింగేస్తుందని తెలిసింది. అందుకే రాయడం మొదలుపెట్టాను.

ఆమెకే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు మీరు. నెంబరు ఉంది. చెప్పాలి. ఊరికీ చెప్పాలి, మామాకూ చెప్పాలి, ఆమె ఏదీ దాచలేదని. అది చేస్తేనే ఆమె పేరుకు పట్టిన మసి పోతుంది, ఇక్కడ పేరు లేకుండా రాస్తే పోదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినది చేయడానికీ తెలియడానికీ మధ్య ఎంత దూరముందో నాకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు. మీతో చెప్పడం తేలిక. మీరు నా మొహం ఎరగరు.

పుస్తకాల పదాలేవీ లేకుండా ఒక్కసారి చెబుతాను. ఇన్నేళ్ళలో ఇట్లా ఎప్పుడూ చెప్పలేదు, నాలో నేను కూడా. రెడ్డెమ్మ తన కన్ను పోతోందని నాతో చెప్పింది. నమ్మితే నా ఉద్యోగానికి ముప్పు వచ్చేది కాబట్టి నేను నమ్మలేదు. డాక్టరు అడిగినప్పుడు ఆమె నిజం చెప్పింది. నేను దాన్ని అబద్ధంగా మార్చి చెప్పాను. ఆ అబద్ధాన్ని లోకం ఆమె పేరున రాసుకుంది.

ఇంతే. రాశాక ఒంట్లో నుంచి ఏదో దిగినట్టుంది. భుజాలు తేలికయ్యాయి. ఈ తేలిక ఆమెకు ఒక్క పిసరు కూడా చేరదు. అది నాకు రాకూడనిది. అయినా వచ్చింది. కాదనే ఓపిక నాకు లేదు.